కరెంటు లేకుండా పొంగిన బోరు

నేను హిందూపురంలో జాకెట్లు కుట్టి బతికే మనిషిని. బజారు వెనక సందులో ఒక గది, రెండు మిషన్లు, మేకులకు వేలాడే కొలత జాకెట్లు, అదే నా లోకం. వచ్చేవాళ్లలో సగం మంది కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగుతారు. పండగ ముందు జాకెట్టు ఆలస్యమైతే మాత్రం రెండు భాషల్లోనూ తిడతారు. నేనేం తక్కువ తినలేదు, రెండింట్లోనూ సమాధానం చెప్తాను.

మిషన్ తొక్కేటప్పుడు ఫోన్‌ని దారాల డబ్బాకు ఆనించి వీడియోలు చూడటం నా అలవాటు. సీరియళ్లు కావు. అత్తాకోడళ్ల కథలు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లే దండిగా చెప్తారు, వాటికి మళ్లీ డేటా దండగ. నేను చూసేవి ప్రపంచంలోని వింతలు. ఒక దేశంలో ఎండాకాలం పొద్దు గుంకదట. ఇంకొక చోట ఒక సరస్సు మీద ఏడాదిలో సగం రాత్రులు మెరుపులు మెరుస్తూనే ఉంటాయట. ఎక్కడో వానతో పాటు చేపలు పడ్డాయట. అమెరికాలో ఎండిపోయిన చెరువులాంటి బయలులో పెద్ద పెద్ద రాళ్లు, మనిషి చెయ్యి పడకుండానే, జరుక్కుంటూ పోతాయి. వెనక బురదలో గీత కూడా ఉంటుంది. ఆ వీడియో చూస్తూ నేనొకసారి ఒకావిడ జాకెట్టు చేతులు పొట్టిగా కత్తిరించేశాను. "నీ రాళ్లు నడిస్తే నడిచినాయి గానీ, నా చేతులు యాడికి నడిచిపోయినాయమ్మా?" అని నిలదీసింది.

ఊరికి పోయినప్పుడు ఇవన్నీ మా అమ్మకు చూపించేదాన్ని. మా ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ మధ్యన, బస్సు దిగి ఆటోలో లోపలికి పోతే వస్తుంది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్‌ని చేటలా దూరంగా పట్టుకుని చూసేది. ఆమెకు ఆశ్చర్యం కన్నా జాలి ఎక్కువ. చేపల వాన చూసి, "అయ్యో, నీళ్లలో ఉండేటివి, అంత పైనుంచి పడేటప్పుడు ఎంత బయపడినాయో" అంది. నడిచే రాళ్లు చూసి, "ఎన్నాళ్లని ఒకే తావున కూచుంటాయిలే పాపా, వాటికీ యాడికన్నా పోవాలనిపిస్తాది" అంది. రాత్రి చలికి అక్కడ పలచగా మంచు కడుతుందని, గాలి తోస్తే ఆ మంచు రాయిని నెడుతుందని చెప్పబోతే వినలేదు. రాయి తనంతట తాను పోవడమే ఆమెకు నచ్చింది.

"రాళ్లు మనకేంటికి? నీళ్లు నడిచేది ఉంటే చూపించు" అని మంచం మీది నుంచి నాయన అనేవాడు.

నీళ్ల మాట రాగానే అమ్మ ఫోన్ నా చేతికిచ్చి లేచి లోపలికి పోయేది. అది ఎందుకో చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు.

నేను పెళ్లయి హిందూపురం వచ్చిన కొత్తలో నాయన చేనులో బోరు వేయించాడు, నన్నూ పిలిపించాడు. మాది ఎర్రనేల. వాన పడితే మేం చెనక్కాయ అనే వేరుశనగ పంట, పడకపోతే ఎద్దులకు మేత. మా వైపు బోరు వేసే ముందు కొబ్బరికాయతో నీళ్లు చూస్తారు. పీచు తీసిన కాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా మెల్లగా నడవాలి. అడుగున నీళ్లున్న చోట కాయ తనంతట తానే లేచి నిలబడుతుందని నమ్మకం. అందరి చేతుల్లోనూ లేవదు. ఆ రోజు నీళ్లు చూడ్డానికి వచ్చిన మనిషి చేతిలో అది లేవలేదు. దాంతో ఇంట్లో వాళ్లందరి చేతుల్లోనూ పెట్టి నడిపించాడు. నా చేతిలో అది తిన్న ఎద్దులా పడుకుంది. అమ్మ చేతిలో పెడితే, గట్టు దగ్గరికి వచ్చేసరికి నిటారుగా లేచింది. అది చేతి వణుకో, నిజంగా మహిమో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మ ముఖం మాత్రం చిన్నపిల్ల ముఖం అయిపోయింది. నాయన ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు.

బోరు లారీ వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి, కాయ కొట్టి మొదలుపెట్టారు. ఒక పైపు తర్వాత ఒకటి దిగుతూ పోయింది. ముందు ఎర్ర దుమ్ము, ఆ తర్వాత తెల్లటి రాతిపొడి. మనుషులు, కంది చెట్లు, అమ్మ తెచ్చిన సంగటి గంప అన్నీ తెల్లబడిపోయాయి. తడి మాత్రం రాలేదు. సాయంత్రానికి లారీవాళ్లు ఇక లాభం లేదన్నారు. అప్పుడు నాయన, చూడ్డానికి వచ్చిన ఊరివాళ్లందరి ముందర, అమ్మ వైపు తిరిగి, "నీ చేతిని నమ్మినా చూడు, నన్ననాల. చెడ్డ చెయ్యి!" అన్నాడు.

అంతే. ఆ మాట ఆయన మళ్లీ ఎప్పుడూ అనలేదు. నాయన చెడ్డవాడు కాడు. అమ్మకు జ్వరం వస్తే సంగటి తానే కెలికేవాడు, ధర్మవరం పోతే ఆమెకు ఇష్టమని బొరుగుల ఉండలు తెచ్చేవాడు. కానీ ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. ఊరు మరిచిపోయిందేమో గానీ అమ్మ మరిచిపోలేదు. మరిచిపోదామన్నా వీలు లేకుండా, పీకబోతే రాక ఇరుక్కుపోయిన పైపు గట్టు పక్కన మోకాలెత్తు నిలబడే ఉండేది. పిల్లలు పడతారని నాయన దాని మీద ఒక బండ పెట్టాడు. ఇంట్లో దాన్ని బోరు అనేవాళ్లం కాదు, "ఆ పైపు" అనేవాళ్లం.

మా ఇళ్లలో విత్తనం వేసే రోజు మొదటి దోసెడు గింజలు ఇంటి ఆడది ఇవ్వాలి. చేటలోంచి తీసి, దండం పెట్టుకుని, విత్తేవాళ్లకు పోయాలి. బోరులో నీళ్లు పడని ఆ ఏడు నుంచి అమ్మ ఆ పని మానేసింది. "నీ చెయ్యి మంచిది, నువ్వు రా పాపా" అని నాకు ఫోన్ చేసేది. గుడికి పోతే కొబ్బరికాయ కూడా తాను పట్టుకునేది కాదు. నేను ప్రతి ఏడూ అంగడి మూసి, చేతిలో పని పక్కన పడేసి, దోసెడు గింజలు పోయడానికి హిందూపురం నుంచి పోయేదాన్ని. దోసెడు విత్తనాల కోసం ఇంత దూరం నుంచి మనిషిని పిలిపించే ఇల్లు కూడా ప్రపంచ వింతల్లో చేరాల్సిందే అని విసుక్కునేదాన్ని. పైకి విసుగు. లోపల మాత్రం ఒకటే మాట. ఆ చేత్తోనే కదా నన్ను పెంచింది!

ఇలా ఏళ్లు గడిచాక ఒక ఏడు వానలు పట్టుకున్నాయి. మేఘాన్ని చూసి దండం పెట్టే ఊళ్లు మావి. అలాంటిది జనం ఇక చాలు స్వామీ అన్నారు. ఎన్నడూ నిండని చెరువులు నిండి, మరవ మీదుగా పొర్లి పారాయి. ధర్మవరం దగ్గర చిత్రావతి పారుతుంటే చూడ్డానికి బండ్లేసుకుని పోయారట. పీకి కుప్ప వేసిన చెనక్కాయ కుప్పలోనే మొలకెత్తింది. కరువు సీమలో వానను తిట్టడానికి నోరు రాదు, అప్పుడు పొగడడానికీ రాలేదు. మా ఊళ్లో కరెంటు పోయింది, ఫోన్లన్నీ మూగబోయాయి. వాన తెరిపిచ్చిన పొద్దున నేను కొవ్వొత్తులు, బ్రెడ్డు సంచిలో వేసుకుని బయల్దేరాను. పెనుకొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. దారికి అడ్డంగా పారుతున్న వంక దగ్గర ఆటో ఇక రాదంది. చెప్పులు చేత పట్టుకుని నడిచాను.

ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. తడిసిన చెనక్కాయలు పంచలో పరుస్తోంది.

"నాయన యాడమ్మా?"

"చేని కాడ కొట్లాడతాండాడు. పోయి పిల్చుకోని రా, ఒంట్లో బాగలేని మనిషి" అంది.

కొట్లాట పక్కచేను మామతో. మామ అంటే చుట్టం కాదు, వరసకు. నాయనను బావా అంటాడు, అమ్మను అక్కా అంటాడు. మా చేనులోకి ఎక్కడి నుంచో నీళ్లు వస్తున్నాయి, సరిగ్గా చెనక్కాయ కుప్ప కిందికి.

"నీ పైపు పగిలిందో, నువ్వే పగలగొట్టినావో నాకు తెల్దు. నా కుప్ప తడుస్తాంది. ముందు మోటరు ఆపు!" అని నాయన అరుస్తున్నాడు.

"ఏం బావా, నీకేమన్నా అయిందా? కరెంటే లేదు కదా, మోటరు యాడ ఆడతాది? నా నోటితో ఊదితే ఆడతాదా?"

"మరి ఈ నీళ్లేమి, ఆకాశం నుంచి వస్తాండాయా?"

"నిన్నటిదాకా ఆడినుంచే కదా వచ్చినాయి!"

నాకు నవ్వొచ్చింది. నాయన ఉరిమి చూశాడు. నేను వాళ్లను వదిలేసి, నీళ్లు వచ్చే దారి పట్టుకుని ఎదురు నడిచాను. అవి మామ చేనులోంచి రావడం లేదు. గట్టు పక్క నుంచి, ఆ పైపు మీద పెట్టిన బండ కింద నుంచి వస్తున్నాయి. పాలు పొంగి మూతను ఎత్తినట్టు, బండ చుట్టూ నీళ్లు ఉబికి కారుతున్నాయి.

"నాయనా! నీళ్లు బోరులోంచి వస్తాండాయి!"

"యా బోరు?"

"అమ్మ బోరు!"

ఆ పేరు నా నోట ఎలా వచ్చిందో తెలియదు. అంతకు ముందు దాన్ని అలా ఎవరూ అనలేదు. ఇద్దరూ కొట్లాట ఆపి వచ్చారు. మామ గడ్డపార తెచ్చి బండను పక్కకు దొర్లించాడు. నీళ్లు ఒక్కసారిగా లేచాయి. ముందు తెల్లటి రాతిపొడి కలిసిన నీళ్లు, కాసేపటికి తేటనీళ్లు, నా రొమ్మెత్తు దాకా. మోటరు లేదు, కరెంటు లేదు, చప్పుడు కూడా పెద్దగా లేదు. మామ దోసిలితో పట్టి కళ్లకద్దుకున్నాడు. కుప్ప వైపు చూసి ఇంకా తిట్టుకుంటూ వచ్చిన నాయన, తిట్టు సగంలోనే ఆపేశాడు.

ఊరు ఊరంతా వచ్చేసింది. ఎవరో పైపుకు పసుపు రాశారు, ఎవరో మందారపూలు పెట్టారు. ఒక అవ్వ గంగమ్మ తల్లి అని సాగిలపడి మొక్కింది. "అక్క యాడ? అక్కను పిలవండి, ఆమె చూసిన పాయింటు కదా ఇది!" అన్నాడు మామ. నేను ఇంటికి పరిగెత్తాను.

చెప్పగానే అమ్మ చేతిలోని చెనక్కాయలు కింద పడేసింది. ఎంత సంతోషమో ఆ ముఖంలో! చీరకు చేతులు తుడుచుకుంటూ వాకిలి దాకా వచ్చింది. అక్కడ నిలబడిపోయింది.

"నేను రాను పాపా."

"ఏంటికమ్మా?"

"నేనొస్తే ఆగిపోతాదేమో."

అమ్మ తన అరచేతుల వైపు చూసుకుంటూ, చాలా మామూలుగా చెప్పింది. "పారనీ. ఇన్నాళ్లకు వచ్చినాయి. మీ నాయన కండ్ల నిండా చూసుకోనీ. నువ్వు నీ ఫోన్‌లో పట్టుకోని రా, నేను ఈడే చూస్తాలే."

నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. అమెరికాలో రాయి జరిగితే ఫోన్‌లో చూశాం, సరే. సొంత చేనులో, తన చేతిలో కాయ లేచిన చోట నీళ్లు లేస్తే, అదీ ఫోన్‌లో చూడాలా? ఎంత బతిమాలినా కదల్లేదు. మళ్లీ పంచలో కూర్చుని చెనక్కాయలు పరవడం మొదలుపెట్టింది.

నేను చేనికి తిరిగిపోయి నాయనను పక్కకు పిలిచి చెప్పాను. ఆయన పారతో నీళ్లకు కాలువ తీస్తున్నాడు. "అట్లనిందా?" అన్నాడు. పార గట్టు మీద పడేసి ఇంటి దారి పట్టాడు. మోకాళ్ల దాకా బురదతో వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏమే, ఆడ కుప్ప మునిగిపోతాంది. నువ్వొస్తే నీళ్లు ఆగుతాయంట కదా. రా, వచ్చి ఆపు."

అమ్మ తలెత్తింది. "ఎగతాళి చేస్తాండావా?"

"ఎగతాళి ఏంటికి? అంత గట్టి చెయ్యి పెట్టుకోని ఈడ చెనక్కాయలు ఎండేసుకుంటా కూచుంటే ఎట్ల? చేను మునిగితే నీదే పూచీ. లెయ్!"

అమ్మకు కోపం వచ్చింది. నాయన మీద ఆమెకు కోపం రావడం చూసి నాకు ఎన్నేళ్లయిందో. ఆ కోపంతోనే చెప్పులు వేసుకుంది, ఆ కోపంతోనే మా ఇద్దరికన్నా ముందు నడిచింది. బోరు దగ్గర జనం పక్కకు తప్పుకున్నారు. అక్కడికి వచ్చాక మాత్రం కోపం దిగిపోయింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడింది. నీళ్లు ఆగలేదు.

"ఇంగా దగ్గరికి పో" అన్నాడు నాయన.

పోయింది. ఆగలేదు.

"చెయ్యి పెట్టు."

అమ్మ ఆయన వైపు, నా వైపు చూసింది. కొంగులోంచి చెయ్యి తీసి మెల్లగా ఆ నీళ్లలో పెట్టింది. నీళ్లు చీలి ఆమె ముఖం మీద, నాయన మీద, పూలు తెచ్చినవాళ్ల మీద చిందాయి. ఆగలేదు.

"రెండో చెయ్యి కూడా పెట్టక్కా, రెండూ పెడితే ఆగుతాదేమో చూస్తాం!" అన్నాడు మామ. అందరూ గొల్లుమన్నారు. అమ్మ కూడా నవ్వింది, ముఖం మీది నీళ్లు తుడుచుకోకుండానే.

అప్పుడు నాయన మామను, ఊరివాళ్లను చూసి అన్నాడు. "ఆ పొద్దు లారీ కాడ నేనొక మాటంటి. మీరంతా విన్నారు. చెడ్డది ఆమె చెయ్యి కాదు, నా నోరు."

నోరు మంచిదైతే ఊరు మంచిది అని ఊళ్లో రోజూ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెప్తూనే ఉంటారు. తన నోరు మంచిది కాదని నలుగురిలో ఒప్పుకున్న మొగవాణ్ణి మాత్రం నేను అదే మొదలు చూడటం. చేపల వాన దీని ముందు ఏపాటి? అమ్మ అంది, "సరేలే, ముందు కుప్పకు అడ్డం కట్ట వెయ్యి పో."

ఇంత జరిగినా నేను వీడియో తీయలేదు. ఫోన్ సంచిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం సంగటి తింటూ నాకు తెలిసినంతలో అమ్మకు చెప్పాను. మేస్త్రీలు గోడ మట్టం చూసేందుకు నీళ్లు పోసిన పైపు పట్టుకుంటారు కదా, ఒక కొస పైకెత్తితే రెండో కొసలోంచి నీళ్లు పొంగుతాయి. ఇదీ అంతే. కొండల పక్కన ఎత్తులో పడిన వాన రాతి సందుల్లో నిండిపోయింది. పల్లంలో మన బోరు ఆ సందుకే తగిలి ఉంటుంది. "నువ్వు చూపించింది తప్పు కాదమ్మా. దారి అప్పుడూ ఉంది, దాంట్లో నీళ్లే లేవు" అన్నాను. అమ్మ అంతా విని, ఇంకొంచెం పప్పు వేసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

మా బోరు ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. కదిరి వైపు, గాండ్లపెంట వైపు కూడా ఎండిపోయిన బోర్లు వాటంతటవే పొంగాయని జనం చెప్పుకున్నారు. మహిమ మా ఊరికే వచ్చిందనుకున్నవాళ్లు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. అమ్మ మాత్రం, "పాపం, వాళ్లకు మాత్రం ఉండొద్దా" అంది.

నేను హిందూపురం వచ్చేశాను గానీ మనసు కుదురుగా లేదు. ఇలాంటి నీళ్లు ఎల్లకాలం పారవు. పైన తగ్గితే కింద ఆగిపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఆగిన రోజు అమ్మ మళ్లీ తన అరచేతులు చూసుకుంటుందేమోనని నా భయం. నాయన నలుగురిలో చెప్పిన మాట, నా మేస్త్రీ పైపు, అన్నీ ఆ ఒక్క రోజుతో వట్టివైపోతాయి. పొద్దున్నే ఫోన్ చేసి, కూరేం చేశావు, ఎద్దు బాగుందా అని అడిగేదాన్ని. బోరు మాట ఎత్తేదాన్ని కాదు. ఏమని ఓదార్చాలో మాత్రం కుడుతూ కుడుతూ మనసులో అల్లుకుంటూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మే చేసింది.

"పాపా, బోరు ఆగిపోయింది."

మిషన్ మీద నా కాలు ఆగిపోయింది. అల్లుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "అమ్మా, అది నీ వల్ల..." అని ఏదో మొదలుపెట్టాను.

"నా వల్ల ఏంటికవుతాది? వానలు నిలిచిపోయి ఎన్నాళ్లాయె! పైన తగ్గితే కింద తగ్గదా? నువ్వే చెప్తివి కదా, మేస్త్రీ పైపని" అంది. తెలిసిన సంగతి తెలియనివాళ్లకు చెప్పినట్టు చెప్పింది. "నేలలో పదునుండాది. రేపు ఉలవలు చల్లుతామంటాండాడు మీ నాయన. అది చెబుదామనే చేసినా."

అలవాటు కొద్దీ నేను గోడ వైపు చూశాను, రేపు ఎవరి జాకెట్టు ఇవ్వాలి, ఎవరికి సాకు చెప్పాలి అని. "సరేమ్మా, పొద్దున బస్సుకు వస్తా" అన్నాను.

"నువ్వేంటికి? అంగడి మూసుకోని నువ్వేం రావద్దు. విత్తనం నేనే ఇస్తా" అంది.

ఆ మధ్యాహ్నం నేను కుట్టిన జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయ్యాయి. మరునాడు ఆ జాకెట్టు ఆవిడ వచ్చి, తొడుక్కుని చూసి, కన్నడంలోనూ తెలుగులోనూ తిట్టింది. నేను ఏ భాషలోనూ సమాధానం చెప్పలేదు.